ఎబెన్ తగిలించిన అట్ట

నోట్లో మేకులు కరిచిపట్టి, నిచ్చెన మీద నిలబడి, ఎబెన్ నీలం వైరును గోడ వెంట లాగుతున్నాడు. తీగ లాగితే డొంక కదులుతుందంటారు. ఈ ఉక్కు కార్మికుల పేట ఖుర్సీపార్‌లో సున్నం రాలుతుంది. అతని ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. ప్లాంటు మిల్లులో ఒకరు తగిలించిన హెచ్చరిక అట్టను వేరొకరు తీసి స్విచ్చు వేసిన రోజున పోయాయి. వాటి వెనకే కాంట్రాక్టు పనీ పోయింది. ఆ తర్వాత కేబుల్ టీవీతో నెట్టుకొచ్చాడు. ఇప్పుడు నెట్‌తో నెట్టుకొస్తున్నాడు. వీధి వీధికీ కనెక్షన్లిచ్చాడు గాని, ఇంటికెళితే పలకరించే కనెక్షను ఒక్కటీ లేదు.

ఆ ఇల్లు డైసీది. ఆమె చెల్లెలు జూడీ పెళ్లి ఆ సాయంత్రమే, విజయనగరం చర్చిలో. కొలిమి మరమ్మతులని డైసీ భర్త జోజికి ప్లాంటులో సెలవివ్వలేదు. పెళ్లి నెట్‌లో చూపిస్తారని తెలిసి, టీవీకి తగిలించే చిన్న పెట్టె కొన్నారు.

ఎబెన్ నిచ్చెన దిగి, పొద్దున మెయిన్ స్విచ్చుకి తగిలించిన అట్ట తీసి, స్విచ్చు వేశాడు. తెర మీద చర్చి కనిపించింది. ఖాళీ బల్లలు, పూలు కడుతున్న ఆడవాళ్లు. చీర రంగును బట్టి డైసీ తల్లిని గుర్తుపట్టింది.

“పెళ్లి టైముకి ఆగిపోదు కదా, బాబాయ్?”

“ఆగదమ్మా. వైరుకి ఇంకో నాలుగు మేకులు కొట్టీడమే. అయిపోనాయి, తెచ్చీస్తాను.”

గోడలో కరెంటు తీగ ఉంది గనక మళ్లీ స్విచ్చు ఆపి, అట్ట తగిలించాడు. దాని మీద హిందీలో ‘కామ్ చాలూ హై’, పని నడుస్తోందని, కింద తన పేరు. తగిలించినవాడే తీయాలని ఆ పేటలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. టీ తిరిగొచ్చాక తాగుతానని మెట్లు దిగాడు.

దుకాణం ముందు స్టూలు మీద కూర్చున్నాడు. దుకాణదారు మేకుల పొట్లం కట్టి అందిస్తే, పుచ్చుకోవడానికి ఎబెన్ చెయ్యి లేవలేదు.

షిఫ్టు దిగి వస్తూ జోజి ఆ చావు కబురు తెచ్చాడు. డైసీ ఏడవలేదు. గడియారం వైపు చూసింది.

“స్విచ్చేస్తే బొమ్మ ఒస్తాది,” అంది.

జోజి స్విచ్చు దాకా వెళ్లాడు. ఎబెన్ వేళ్లు తెగినప్పుడు పక్కన ఉన్నవాడు. చెయ్యెత్తి, దించేశాడు.

“ఆయనెట్టింది. ఆయనే తియ్యాల.”

ఇద్దరూ నల్లటి తెరకు ఎదురుగా కూర్చున్నారు. పొద్దుగుంకాక తల్లి ఫోను చేసింది.

“జూడీ కనపడిందేటే?”

“బాగా కనపడిందమ్మా.”

ఫ్యాను కూడా ఆ స్విచ్చు మీదే. ఎర్రదారానికి వేలాడుతున్న అట్ట కదలలేదు.