మెల్లిగా ఎక్కే కారు

"ఇంకొంచెం... ఇంకొక్క తోపు!" కారు లోపలినుంచి మొగుడు అరుస్తున్నాడు.

ఆమె రెండు చేతులూ డిక్కీకి ఆనించి తోసింది. ఇంజను రెండుసార్లు దగ్గి మూడోసారికి అందుకుంది. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లాండ్రీకి నడిచింది. కారున్న ఇల్లాలు దాన్ని తోసి, పనికి నడిచిపోవడం చూసి వీధిలో నవ్వనివాళ్ళు లేరు.

ఆయన కార్లకు కరెంటు పని చేస్తాడు. పనిలో వంక పెట్టడానికి లేదు, పిచ్చి మాత్రం ఒకటుంది. ఖరీదైన కార్లలో ఇంజనుకు గాలి దట్టించే కరెంటు టర్బో ఉంటుందని ఎక్కడో చూశాడు. అప్పట్నుంచి తుక్కు దుకాణాల్లో మోటారు పంకాలు ఏరుకొచ్చి తన ముసలి కారుకు బిగిస్తూనే ఉన్నాడు. ఆ పంకా తిరిగిన కాసేపటికే బ్యాటరీ పడుకుంటుంది. "ఆ కార్ల బ్యాటరీలు వేరయ్యా, డైనమోలు వేరు. ఇది ఇల్లు పీకి పందిరి వేసినట్టుంది" అని తోటి మెకానిక్కులు చెప్పారు. వింటేనా? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

లాండ్రీలో పొద్దుటినుంచీ నిలబడి చొక్కాల ఇస్త్రీయే. ముందు కాలరు, తర్వాత భుజాలు, చివరికి చేతులు. ఈ వరస నేర్పింది అక్క. తల్లి పోయాక జడ వేసింది, అన్నం పెట్టింది, ఈ పనిలో పెట్టించింది కూడా అక్కే. బావ ఉద్యోగం ఎక్కడికో దూరం మారింది. ఈ సాయంత్రం సామాను లారీలోనే ఇద్దరూ వెళ్ళిపోతున్నారు. మళ్ళీ ఎప్పుడు చూస్తుందో ఏమో.

"నువ్వు సెలవడగడమా!" అని లాండ్రీ యజమాని ఆశ్చర్యపోయి, మధ్యాహ్నం పంపించేశాడు.

"బస్సులో పోదామయ్యా" అని ముందురోజు రాత్రే మొగుడి దగ్గర నెత్తీ నోరూ కొట్టుకుంది. అక్క ఇల్లు కొండ మీద.

"కారుండగా బస్సేంటి? కొత్త పంకా పెట్టాను. మీ బావ ముందు కొండ రయ్యిమని ఎక్కించకపోతే చూడు!"

కారు రయ్యిమనే ఎక్కింది, మొదటి మలుపు దాకా. పంకా ఈల వేస్తుంటే ఆయన పసిపిల్లాడిలా నవ్వాడు. రెండో మలుపులో ఈల నీరసించింది. ఇంజను వణికి, నిట్టనిలువు ఎత్తు మీద ఆగిపోయింది.

ఆయన బానెట్టు ఎత్తి తీగలు కదిలించాడు, మళ్ళీ బిగించాడు. ఆమె చక్రం కింద రాయి పెట్టి కూర్చుంది. అటువైపు ఒక్క బండీ రాలేదు. ఫోను మోగింది.

"ఎక్కడున్నావే?"

"వచ్చేస్తున్నామక్కా. కొండ మీదే ఉన్నాం."

"లారీవాడు గోల చేస్తున్నాడు. కొండ అవతలివైపు దిగాలట, చీకటి పడితే కష్టమట. గేటు దగ్గరే ఉన్నాలే, త్వరగా రా."

ఆమె ఫోను పెట్టేసి మొగుడి మీద అరిచింది. "రోజూ తోశాను, ఒక్కమాట అన్నానా? మా అక్కను ఒక్కసారి చూడాలన్నాను, అంతేగా! తీసి పారెయ్ ఆ దిక్కుమాలినదాన్ని!"

ఆయన పంకా విప్పి వెనక సీట్లో పడేశాడు. రాయి తీయించి, కారును వెనక్కి జారనిచ్చి, రివర్సు గేరు వేసి ఇంజను స్టార్టు చేశాడు. తర్వాత మొదటి గేరులో మూలుగుతూ, ముక్కుతూ, ఎక్కడా ఆగకుండా ఎక్కించాడు.

"ఇది లేకుండానే ఎక్కుతుందా?" అంది ఆమె.

"ఎక్కుతుంది. మెల్లిగా."

"మరి ఎందుకు పెట్టావయ్యా?"

ఆయన రోడ్డు వైపే చూస్తూ, "ఎప్పుడూ మెల్లిగానేనా అని" అన్నాడు.

ఆమెకు తిట్టాలనిపించింది. కానీ కిటికీలోంచి ముందున్న మలుపు కేసి చూసింది.

అక్క ఇంటికి తాళం వేసి ఉంది. కిటికీలకు తెరలు లేవు. రోడ్డు మీద లారీ చక్రాల జాడలు అవతలి పల్లం వైపు పోయాయి.

పక్కింటావిడ బయటికొచ్చింది. "ఇప్పుడేనమ్మా వెళ్ళారు. కుర్చీలు లారీలో పెట్టనివ్వలేదు మీ అక్క. చెల్లెలొస్తుంది, నిలబడి నిలబడి దానికి నడుంనొప్పి అని చివరిదాకా ఇక్కడే కూర్చుంది."

గేటు పక్కన రోడ్డుకేసి రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకదాంట్లో పరిచిన గుడ్డ నలిగి ఉంది. రెండోదాంట్లో, నడుముకు ఆనించుకోవడానికి పెట్టిన చిన్న దిండు నలగకుండా నిలబడి ఉంది.