తిట్టేవాళ్ళు దొరికిన శుక్రవారం

ఇనాయత్ చేసిన సైకిల్ బాగుందని అప్పటికి తొమ్మిదిమంది చెప్పారు. అతని బెంగంతా అదే.

కరజ్ అనే ఊళ్ళో మోటార్ సైకిళ్ళు బాగుచేస్తూ, మధ్యమధ్యలో ఇనప తలుపులు వెల్డింగు చేసి ఇచ్చే మనిషి అతను. ఆ సైకిల్‌కి పద్నాలుగు నెలలు పట్టింది. ముందు ఫోర్కు ఒకచోట, వెనక షాక్ అబ్జార్బరు ఒకచోట పాతవి దొరికాయి. ఫ్రేము మాత్రం పూర్తిగా అతని చేతి పని. బయటి దేశాల సైకిల్ కొనడం వాళ్ళ ఇంటికి అయ్యేది కాదు. రెండు చక్రాలూ కుదుపుని మింగాలి, కొండమీంచి దూకుతూ దిగినా నిలవాలి, మామూలు బాటలో ఎక్కుడు తొక్కినా బరువనిపించకూడదు. కూతురు పర్నియాన్ కోరింది అలాంటి సైకిల్. కోరి రెండేళ్ళు ఓపిక పట్టింది. పందొమ్మిదేళ్ళ పిల్ల రెండేళ్ళు ఓపిక పట్టడమంటే ఎంతటిదో ఇనాయత్‌కి తెలుసు.

ఈ శుక్రవారం కాక వచ్చే శుక్రవారం దీజిన్ కొండమీద ఆడపిల్లల దిగుడు పందెం. పర్నియాన్ పేరిచ్చేసింది.

సైకిల్ ఎలా ఉందని తండ్రి ఎప్పుడడిగినా ఆ పిల్ల ఒకటే మాట అనేది, వెన్నమీద జారినట్టుందని. ఆ మాటకి ఇనాయత్ గుండె నిండిపోయేది. కానీ పోయిన మంగళవారం చక్రం విప్పినప్పుడు వెనక టైరు చూశాడు. మూడు వారాల టైరు అది. అంతటా సమంగా అరగకుండా, అక్కడక్కడ రంపంతో గీకినట్టు అరిగింది. చక్రం నేలని అంటిపెట్టుకుని ఉంటే రబ్బరు అలా అరగదు. ఎక్కడో ఎగిరెగిరి పడుతోంది. ఎక్కడ, ఎందుకు అన్నది తొక్కినవాళ్ళకే తెలియాలి. యాభైనాలుగేళ్ళ మోకాళ్ళతో అతను ఆ కొండ దిగలేడు.

నమాజుకి నిలబడితే కళ్ళముందు టైరే కనిపించేది. అల్లా క్షమించుగాక అనుకుని మళ్ళీ మొదటినుంచి చదువుకునేవాడు. చివరికి భార్య మహ్‌రుఖ్‌తో చెప్పేశాడు. ఈ శుక్రవారం సాయంత్రంలోగా లోపం ఏమిటో తేలాలి, తేలకపోతే పందెంలో పిల్లని దానిమీద ఎక్కించేది లేదు. పర్నియాన్‌కి మాత్రం ఇంకా చెప్పలేదు. వేరే సైకిల్ లేదు కాబట్టి, ఆ మాటకి అర్థం పందెం లేదనే.

ఆ శుక్రవారం ముగ్గురూ సైకిల్‌ని చిన్న ట్రక్కులో వేసుకుని చాలూస్ రోడ్డుమీదుగా దీజిన్ చేరారు. పర్నియాన్ స్నేహితురాళ్ళతో పందెం బాట నడిచి చూసుకోవడానికి పైకి వెళ్ళింది. ఇనాయత్ రోప్‌వే దగ్గర నిలబడి, తెలిసిన కుర్రాళ్ళని ఒక్కొక్కరినీ పిలిచి, పైకి తీసుకెళ్ళి ఒకసారి దిగి చూడమని బతిమాలాడు.

వాళ్ళు ఆనందంగా వెళ్ళారు. దుమ్ము కొట్టుకుని దిగారు. మర్యాదకి గుండెమీద చెయ్యి వేసుకుని, మీ చేతులు చల్లగుండ ఉస్తాద్, ఇలాంటి పని మీ చేతికి తప్ప ఇంకెవరికి వస్తుందని అన్నారు. ఒకడు కుంటుకుంటూ దిగాడు. ఏమైందని ఇనాయత్ కంగారుగా అడిగితే, సైకిల్‌కి ఏ దోషం లేదు, పాపిష్టి కాళ్ళు నావే, మీ సైకిల్ పరువు తీశాయని ఆ పిల్లవాడు తిరిగి క్షమాపణ చెప్పుకున్నాడు.

బర్దియా అనే డబ్బున్న ఇంటి కుర్రాడి దగ్గర బయటి దేశపు సైకిల్ ఉంది. దాని వెనక భాగం ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే పోల్చి చూడవచ్చని ఇనాయత్ అనుకుని, మీది బాగుంటుందా బాబూ అని అడిగాడు. అడగగానే ఆ కుర్రాడు సైకిల్‌ని ముందుకు తోసి, మీకంటే ఎక్కువా ఉస్తాద్, ఇది మీదే, తీసుకెళ్ళండన్నాడు. వద్దంటే వినడు. అక్కడి మర్యాద ప్రకారం ముచ్చటగా మూడుసార్లు ఇస్తాననాలి, మూడుసార్లు వద్దనాలి. ఆ పని పూర్తయ్యేసరికి వెనక భాగం సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

మధ్యాహ్నం అయింది. ఇనాయత్ ఒక రాయి పక్కన చాప పరిచి నమాజు చదువుకున్నాడు. మర్యాద కోసం నిజం దాచిపెడితే అది పుణ్యమా, అబద్ధమా అన్న అనుమానం అతనికి ఎప్పటినుంచో ఉంది. ఒకసారి మసీదులో పెద్దాయన్ని అడిగితే, మంచి ప్రశ్న, మీవంటివాళ్ళే అడగాలని ఆయన మెచ్చుకున్నారు. జవాబు చెప్పలేదు.

మహ్‌రుఖ్ రొట్టె, జున్ను, అక్రోటు పప్పు, ఊరగాయ సీసా సర్ది ఫ్లాస్కులోంచి టీ పోసింది. మొగుడి ముఖం చూసి నవ్వింది.

"నేనే చేశానని చెప్పి, ఎలా ఉందని అడిగితే ఎవరు చెబుతారయ్యా? మీ వదిన వండిన అన్నం మాడిందని నువ్వెప్పుడైనా చెప్పావా?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"ఒకటే. మూడు పళ్ళేలు తిని చెయ్యి కడుక్కున్నావు."

వేరేవాడు చేశాడని చెప్పమని ఆమె అనలేదు. ఆయన చచ్చినా అబద్ధమాడడని ఇరవయ్యారేళ్ళుగా తెలుసు. కానీ ఫ్రేము మీద ఎర్ర రంగుతో ‘ఇనాయత్ వర్క్‌షాప్’ అని రాసి ఉంది కదా, ఆ అక్షరాలమీద రొట్టె చుట్టిన గుడ్డ తీసి కట్టింది. తడిసిపోతుందని కట్టాను, ఎవరైనా అడిగితే నన్నడగమను, అంది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

అదే సమయానికి ఇస్ఫహాన్‌నుంచి ఒక మినీబస్సు వచ్చి ఆగింది. అందులోంచి సైకిళ్ళతో దిగినవాళ్ళలో ఇనాయత్‌ని ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అతను రొట్టె ముక్క అక్కడే పెట్టి లేచాడు. సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళి, దారిలో మాట కూర్చుకుని, వాళ్ళముందు నిలబడ్డాడు.

"అలసట తీరాలి మీకు. దీన్ని చేసినవాడిని నేను బాగా ఎరుగుదును. మొండి మనిషి. తన పనిలో తప్పెక్కడుందో తనంతట వాడికి తోచదు. పేరు చెబితే మొహమాటపడతారు, చెప్పను. మీరు దిగి చూసి, తోచిన మాట మొహంమీదే అనండి. వాడి చెవిన వేసే పూచీ నాది."

ఒక్క అక్షరం అబద్ధం లేదు. వెనక మహ్‌రుఖ్ టీ గ్లాసు చాటున ముఖం దాచుకుంది.

వాళ్ళలో యదుల్లా అనే టాక్సీ డ్రైవరున్నాడు. బాగా బొజ్జ, పెద్ద గొంతు. మా బావమరిదీ అంతే, అలాంటివాళ్ళకి తగిలేలా చెప్పాలి, ఇటివ్వండని సైకిల్ లాక్కున్నంత పనిచేసి రోప్‌వే ఎక్కాడు. ఇరవై నిమిషాలకి దుమ్ములోంచి ఊడిపడ్డాడు. దిగగానే హెల్మెట్ తీసి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఎవడండీ వీడు? వీడు తలుపులు చేసుకుని బతకాలి."

"చేస్తాడు. తలుపులు బాగానే చేస్తాడు."

"అక్కడే ఆగాల్సింది మరి."

ఇనాయత్ జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. చెవి వెనకనుంచి పెన్సిలు తీశాడు. పద్నాలుగు నెలల్లో ఎవరూ అనని మాట అది. బాధపెట్టే మాటే, అయినా దాహమైనవాడికి నీళ్ళు అందినట్టుంది. ఇంకా చెప్పండి, ఇంకా చెప్పండని వెంటపడ్డాడు.

యదుల్లా వెనక షాకు మెత్తన అన్నాడు. తరవాత దిగిన సన్నటి విద్యార్థి ఖోస్రో అదే షాకు బండరాయిలా ఉందన్నాడు. ఇద్దరూ అక్కడే గొడవ పడ్డారు. ఇనాయత్ ఒకసారి బొజ్జవైపూ ఒకసారి ఎముకలవైపూ చూసి, అది మనిషి బరువునిబట్టి గాలి ఎక్కించో తీసో సరిచేసే సంగతని ఆ రెండు మాటలూ కొట్టేశాడు. సీటు ఏ శత్రువుకోసం చేశారన్నాడు ఖోస్రో. అదీ రాసుకున్నాడు.

మూడో మనిషి మెహ్రంగీజ్. పళ్ళ డాక్టరు, తూచి మాట్లాడుతుంది. రెండుసార్లు దిగి, ఒకసారి పక్క బాటలో ఎక్కి వచ్చింది. ఎక్కుడులో ఇది తన సైకిల్‌కంటే తేలిగ్గా ఉందనీ, రాళ్ళమీద ముందు చక్రం చెప్పిన మాట వింటోందనీ ఒప్పుకుంది.

"కానీ వెనక బ్రేకు పట్టానో, పట్టినంతసేపూ వెనక షాకు పనిచేయడం మానేస్తుంది. పంటినొప్పి ఉన్నవాడు దవడ బిగించినట్టు బిగుసుకుపోతుంది. ఇక చక్రం రాయిమీంచి రాయికి ఎగరడమే. రాళ్ళ మలుపులో నేను పడేదాన్నే."

"అదే. అదే నేనూ చెప్పబోతున్నా," అన్నాడు యదుల్లా. ఖోస్రో కూడా తల ఊపాడు.

ఇనాయత్ పెన్సిలు ఆగిపోయింది. బొజ్జా, ఎముకలూ, డాక్టరూ ముగ్గురూ కలిసిన మాట అదొక్కటే. టైరు చెప్పిందీ అదే.

సరిగ్గా అప్పుడు పర్నియాన్ పైనుంచి వచ్చింది. ఆమెకి వినిపించింది యదుల్లా మాట మాత్రమే. దీన్ని చేసినవాణ్ణే దీనిమీద కూచోబెట్టి పైనుంచి తొయ్యాలంటున్నాడు అతను. ఆ పిల్ల ముఖం ఎర్రబడిపోయింది.

"చేసింది మా బాబా. ఇదిగో, మీ ఎదురుగా ఉన్న ఈయనే."

 మరుక్షణం మూడు చేతులు మూడు గుండెలమీదికి వెళ్ళాయి. యదుల్లా నా నాలుక తెగిపోనూ అన్నాడు. ఖోస్రో ఆ సీటంత మెత్తటి సీటు ఎరగనన్నాడు. డాక్టరు కూడా, తనకి బ్రేకు పట్టడం సరిగా రాదేమోనని నసిగింది. పొగడ్తలు మళ్ళీ వరదలా వచ్చిపడ్డాయి.

ఇనాయత్ రెండు చేతులూ జోడించాడు. "అల్లా మీద ఆన, చెప్పినవి వెనక్కి తీసుకోకండి. ఉదయంనుంచి వీటికోసమే తిరుగుతున్నా. వచ్చే శుక్రవారం ఆ మలుపులో ఈ సైకిల్ మీద దిగేది ఈ పిల్ల."

 పర్నియాన్ తల వంచుకుంది.

"వాళ్ళు చెప్పింది నిజమే బాబా. బ్రేకు పడితే బిగుసుకుపోతుంది."

"ఎప్పటినుంచి తెలుసు?"

"రెండోరోజునుంచి."

"మరి వెన్న అన్నావు కదమ్మా?"

"నేను దిగిన ప్రతిసారీ మీరు కింద నిలబడి నా ముఖమే చూస్తుంటారు. ఏమని చెప్పను? పోనీ, ఆ మలుపు ముందే బ్రేకు వదిలేస్తే సరిపోతుంది కదా అనుకున్నా."

బ్రేకు వదిలేసి రాళ్ళ మలుపులో దిగుతోందన్నమాట, తండ్రి నొచ్చుకోకూడదని. ఇనాయత్ పెన్సిలు మళ్ళీ చెవి వెనక పెట్టుకున్నాడు. పిల్లని దగ్గరికి తీసుకుని నుదురు ముద్దు పెట్టుకున్నాడు.  తప్పుపట్టడానికి తనకి మాత్రం ఏం హక్కుంది? వదిన అన్నం గుర్తొచ్చింది.

తరవాత వారమంతా వర్క్‌షాప్‌లో తలుపుల పని ఆగిపోయింది. తన చిన్నప్పటి మోటార్ సైకిళ్ళకి వెనక బ్రేకుని పట్టి ఉంచే ఒక కడ్డీ ఉండేది. బ్రేకు పట్టినప్పటి లాగుడంతా ఆ కడ్డీ మోసేది, షాకు మీద పడనిచ్చేది కాదు. ముప్పయ్యేళ్ళు రోజూ చేత్తో పట్టుకున్న సంగతి, సైకిల్ దగ్గరికి వచ్చేసరికి తట్టలేదు. బ్రేకు ముక్కని వెనక చట్రంమీంచి విప్పి, ఇరుసు చుట్టూ తిరిగేలా అమర్చి, కడ్డీతో ముందు ఫ్రేముకి తగిలించాడు. సాయంత్రాలు పర్నియాన్ ఎదురుగా కూచుని ఆకురాయి పట్టింది. మొదటి కడ్డీ వంకరగా ఉందంది. రెండోది మడమకి తగులుతుందంది. మూడోది చూసి, అందంగా లేదు గానీ పనిచేస్తుందంది. వెన్న అన్న మాట ఇంట్లో మళ్ళీ వినబడలేదు. బుధవారం ఊరి వెనక గుట్టమీద ఆ పిల్ల నాలుగుసార్లు దిగి చూపిస్తే గానీ తండ్రి సరేననలేదు.

పందెం రోజు ఇనాయత్ రాళ్ళ మలుపు దగ్గరే నిలబడ్డాడు. పక్కన మహ్‌రుఖ్, పందెం చూడటానికి మళ్ళీ వచ్చిన ఇస్ఫహాన్ ముఠా. ఒక్కొక్కరినే పైనుంచి వదులుతున్నారు. పర్నియాన్ వంతు వచ్చేసరికి అతని పెదవులు కదులుతూనే ఉన్నాయి, ఖురానులో ఏ సూరా చదువుతున్నాడో అతనికే తెలియదు. ముందు దుమ్ము కనిపించింది, తరవాత నీలం హెల్మెట్. మలుపు ముందు ఆ పిల్ల రెండు బ్రేకులూ పట్టింది. రెండూ పట్టిందని వేళ్ళు చూసి తెలుసుకున్నాడు. వెనక చక్రం ఎగరలేదు. ప్రతి రాయినీ తడుముతూ, పిల్లి మెట్లు దిగినట్టు దిగి, ఆ పిల్ల వెంట మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

"తలుపులవాడు గట్టివాడే," అన్నాడు యదుల్లా. ఈసారి చెయ్యి గుండెమీద లేదు. అది చూసే ఇనాయత్ ఆ మాట నమ్మాడు. తనకీ ఒకటి చేసిపెట్టమని ఆయన అప్పుడే అడగడం మొదలుపెట్టాడు.

పద్నాలుగుమందిలో పర్నియాన్ ఐదోది. కింద గీత దాటి, హెల్మెట్ తీసి, ముఖమంతా దుమ్ముతో, పళ్ళు మాత్రం తెల్లగా, తండ్రికి ఎదురొచ్చింది.

"వెనక బాగుంది బాబా. కానీ ముందు బ్రేకు నా వేళ్ళకి దూరం. చైను కొట్టుకుంటోంది. హ్యాండిల్ ఒక వేలెడు వెడల్పు ఎక్కువ. సీటు సంగతి ఖోస్రో మొదట చెప్పిందే నిజం. ఇంకా ఉన్నాయి, నీళ్ళు తాగి చెబుతా."

ఇనాయత్ పుస్తకం తీసి రాసుకుంటుంటే కళ్ళు మసకబారి అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. నెమ్మదిగా చెప్పు తల్లీ, ఒక్కటీ పోకూడదన్నాడు.

అందరూ తినడానికి పరిచిన గుడ్డ చుట్టూ కూచున్నారు. మహ్‌రుఖ్ ఊరగాయ సీసా మూత తీసి, నలుగురికీ వడ్డించి, మొగుడివైపు తిరిగింది.

"నిజాలు చెప్పుకునే రోజులొచ్చాయి కదా. ఇరవయ్యారేళ్ళుగా తింటున్నావు, నా ఊరగాయ సంగతి కూడా చెప్పు."

ఇనాయత్ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, నెమ్మదిగా నమిలి మింగాడు. కూతురు ఊపిరి బిగబట్టి చూస్తోంది. యదుల్లా కూడా తినడం ఆపేశాడు.

ఇనాయత్ గుండెమీద చెయ్యి వేసుకున్నాడు.

"నీ చేతులు చల్లగుండ, మహ్‌రుఖ్."