నలభై రెండో చెట్టు

మూడోసారి తాడు లాగాక గాని ఇంజను అందుకోలేదు. మొదటిసారి దగ్గింది, రెండోసారి నీలిపొగ కక్కి ఊరుకుంది. మూడోసారి దైవాశీర్వాదం ఎడమకాలు మంచుబండికి ఆనించి, నడుం తిప్పి, భుజం దగ్గర్నుంచి ఒక్క ఊపున లాగాడు. గరాజు కిటికీ అద్దాలు గలగల్లాడాయి. వంటింట్లో ఎవరో గిన్నెను కావాలని గట్టిగా పెట్టిన చప్పుడు ఆ మోతలోనూ వినిపించింది.

"వినబడిందిలేవే," అన్నాడు గోడతో.

అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిగా, సన్నటి మెడతో ఉంటాడు. మోకాళ్ళు రెండూ వాచి కుండల్లా ఉన్నాయి. వేళ్ళు మాత్రం ఇంకా లేబరేటరీ వేళ్ళే. గుంటూరులో పదిహేడేళ్ళు, ఉత్తర మిన్నెసోటాలోని ఈ చిన్న ఊరి ఆస్పత్రిలో ఇంకో పదిహేడేళ్ళు గాజుపలకల మీద నెత్తురు చుక్కలు పలచగా పరిచిన వేళ్ళు. ఆయన ఏమీ కనిపెట్టలేదు. ఏ రోగానికీ ఆయన పేరు పెట్టలేదు. రిపోర్టు కింద సంతకం డాక్టరుది. రిటైరైన రోజు కేకు కోశారు, అందులో ఆయన పేరులో రెండక్షరాలు తప్పు.

రెండు పొరల ఉన్ని లోదుస్తులు, వాటిమీద నల్లటి స్నోమొబైల్ సూటు, తలకి మంకీ టోపీ, దానిమీద హెల్మెట్. సూటు జేబులో క్రిస్మస్‌కి చేసిన కజ్జికాయలు రెండు. హెల్మెట్ లోపలి దూది అంచున, నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం ఒకటి. మంగళవారం వచ్చింది. ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

ఆ ఉత్తరంలో ఏముంది? స్నోమొబైల్ క్లబ్బు వాళ్ళు ఆయన సేవల్ని ఎంతో గౌరవిస్తున్నారట. అరవై అయిదు దాటిన సభ్యులు ఈ జనవరి నుంచి మంచుగడ్డ మీద పని చేయకూడదట. ఆయన్ని జీవితకాల సభ్యుడిగా చేసుకుని, ఆదివారం ఇంటికొచ్చి చెక్కపలక మీద పేరు చెక్కించి ఇస్తారట! మనిషిని పని నుంచి తీసేసి పేరు గోడకి కొడతారన్నమాట. అరవై నాలుగేళ్ళ మూడువందల అరవై నాలుగో రోజున గట్టిగా ఉన్న మంచు, మర్నాడు ఆ మనిషి కాలు పెడితే పగులుతుందా?

బండి వెనక కట్టిన చక్రాల్లేని స్లెడ్జి మీద పది క్రిస్మస్ చెట్లు పడుకుని ఉన్నాయి. కొత్త సంవత్సరం రాగానే ఊళ్ళో వాళ్ళంతా ఎండిపోయిన చెట్లని వీధి చివర పారేస్తారు. వాటిని ఏరుకొచ్చి, గడ్డకట్టిన చెరువు మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా మైలున్నర దారికి, డెబ్బై అయిదు అంగలకి ఒకటి చొప్పున నిలబెట్టడం పదేళ్ళుగా ఆయన పని. మొత్తం నలభై రెండు. గాలికి మంచు లేచినప్పుడు చెరువు మీద నేల, ఆకాశం ఒకటే తెలుపు. ఆ తెలుపులో బండి నడిపేవాడికి కనిపించేది ముందున్న చెట్టు ఒక్కటే. అది కనిపించకపోతే వాగు వచ్చి కలిసే మూలకి పోతాడు, అక్కడ అడుగున నీళ్ళు కదులుతూ ఉంటాయి, పైన గడ్డ అప్పడమంత. ముప్పై రెండు చెట్లు ఈ వారంలో పాతేశాడు. మిగిలిన పదీ ఆ వాగు మూల చుట్టూ తిరిగే వంపులోవే. పదో చెట్టు వాళ్ళింటిదే. భార్య వసంతకుమారి దాని వెండి తళుకులన్నీ విప్పి డబ్బాలో పెట్టుకుంది.

ఒడ్డు దిగి చెరువు మీదికి రాగానే ఆయన కుడి మోకాలు సీటు మీద ఆనించి, సగం లేచి నిలబడ్డాడు. నేల మీద ఆ మోకాళ్ళు ప్రతి మెట్టునీ లెక్కపెడతాయి. ఇక్కడ వాటి మాట ఎవరూ వినరు. ఈ బండి కొన్నది యాభై అయిదో ఏట. సున్నాకి ముప్పై డిగ్రీలు కిందికి పడిన రోజున కారు కదలక, పక్కింటాయన తన బండి మీద ఆస్పత్రికి దింపితే, ఆ దిగిన మనిషి వారం తిరక్కుండా తనకీ ఒకటి కొనుక్కున్నాడు. ఈ వయసులో ఎందుకని అప్పుడూ అన్నారు. వాళ్ళ దృష్టిలో సరైన వయసు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయిందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

గునపంతో రెండు దెబ్బలు కొట్టి చప్పుడు విన్నాడు. చేత్తో తిప్పే బరమాతో కంత చేశాడు. గాట్లు పెట్టిన కర్ర దింపి లోతు చూశాడు, బయటికి తీసి తుడిచి మళ్ళీ దింపాడు. రెండుసార్లు చూడనిదే రిపోర్టు రాయకూడదు. చిన్న నోటుబుక్కులో అంగుళాలు, టైము రాసుకున్నాడు. చెట్టు మొదలు కంతలో దింపి, చుట్టూ మంచు కూరి, పైన నీళ్ళు పోసి నూరు అంకెలు లెక్కపెట్టేసరికి చెట్టు పుట్టిన చోటే ఉన్నట్టు బిగుసుకుంది.

ఆరో చెట్టు దగ్గర ఉండగా క్లబ్బు సెక్రెటరీ స్టీవ్ ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, పచ్చగడ్డం, మెరిసిపోయే కొత్త బండి.

"మిస్టర్ డి! లెటర్ అందిందా?"

"అందింది. మరి ఇవి ఎవరు పాతుతారు?" అన్నాడు దైవాశీర్వాదం ఇంగ్లీషులోనే.

"ప్లాస్టిక్ గుర్తులు ఆర్డర్ చేస్తాం. నెక్స్ట్ ఇయర్ కల్లా వచ్చేస్తాయి."

"ఈ ఏడాది?"

స్టీవ్ గడ్డం మీది మంచు దులుపుకున్నాడు. "రూల్ అండీ. నా చేతుల్లో ఏముంది?"

"నీ చేతుల్లో ఏమీ లేదు, కనిపిస్తూనే ఉంది. వాగు ఎక్కడ కలుస్తుందో చూపించు."

స్టీవ్ ఉత్తరం వైపు చెయ్యి చాపాడు. దైవాశీర్వాదం ఆ చేతిని పట్టుకుని జానెడు పడమరకి తిప్పాడు. "ఇప్పుడు చెప్పు. నువ్వు చూపించిన దారిన పోతే నీ కొత్త బండిని చేపలు నడుపుతాయి."

స్టీవ్ నవ్వాడు. ఆయన నవ్వలేదు.

మూడు గంటలకి ఇంట్లో ప్రార్థన కూటం. నాలుగు చెట్లు స్లెడ్జి మీదే వదిలి ఇల్లు చేరేసరికి హాలు నిండా బూట్లు, కోట్లు. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న తెలుగు క్రైస్తవులు నాలుగు కుటుంబాలే, అంతా కార్పెట్ మీద కూర్చున్నారు. మూలన గోధుమరంగు రిక్లైనర్, వెనక్కి వాలే కుర్చీ. కూతురు దెబోరా క్రిస్మస్‌కి పంపింది. షికాగోలో ఎమర్జెన్సీ డాక్టరు, శనాదివారాలకి వచ్చింది. ఆ కుర్చీలో దైవాశీర్వాదం ఒక్కసారీ కూర్చోలేదు. ఇవాళ కూడా హెల్మెట్‌ని అందులో కూర్చోబెట్టి తను కిందే కూర్చున్నాడు.

డులూత్ నుంచి వచ్చే జయరాజు ఇంజనీరు, మంచి గొంతు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

"ప్రేమగల తండ్రీ, మా దైవాశీర్వాదం అన్నయ్యగారిని నీ సన్నిధిలో పెడుతున్నాం. ఆ యంత్రం మీంచి ఆయన మనసు తిప్పు తండ్రీ..."

"స్తోత్రం, స్తోత్రం," అన్నారు ఆడవాళ్ళు.

"ఎముకలు పెళుసయ్యే వయసులో ఆయనకి విశ్రాంతి మీద ఆశ పుట్టించు తండ్రీ. కుర్చీ ఇచ్చిన బిడ్డని దీవించు..."

దైవాశీర్వాదం దవడ బిగించి విన్నాడు. ఇది కొత్త కాదు. ముఖం మీద అనలేనివన్నీ వీళ్ళు దేవుడితో అంటారు, తను పక్కనే తలవంచుకుని వినాలి.

"క్లబ్బువాళ్ళ హృదయాలు తాకి ఆ లెటర్ రాయించినందుకు నీకు వందనాలు ప్రభువా..."

దైవాశీర్వాదం కళ్ళు తెరిచాడు. లెటర్ హెల్మెట్‌లో ఉంది. ఆ హెల్మెట్ కుర్చీలో ఉంది. ఎదురుగా దెబోరా కూడా కళ్ళు తెరిచి ఆయన్నే చూస్తోంది.

"ఆమెన్!" అన్నాడు గట్టిగా.

అలవాటు కొద్దీ ముగ్గురు నలుగురు వెనకే ఆమెన్ అనేశారు.

"ఇంకా అవలేదు అన్నయ్యగారూ," అన్నాడు జయరాజు.

"నాది అయింది. ఆ లెటర్ సంగతి నీకు దేవుడు చెప్పాడా, దెబోరా చెప్పిందా?"

"నాన్నా, నేనే కాల్ చేశాను," అంది దెబోరా. "యు ఆర్ సిక్స్టీ ఎయిట్. ఐస్ మీద ఒక్కళ్ళే తిరుగుతారు. ప్రతి వారం ఈఆర్‌లో చూస్తాను నేను, ఇలాంటి కేసులు."

"నన్ను చూశావా అక్కడ?"

"మీలాంటి వాళ్ళని."

"నాలాంటి వాళ్ళెవరే? పదేళ్ళలో నా చెట్టు పక్కన పోయిన బండి ఒక్కటి మునిగిందా? అది కనుక్కున్నావా ఫోన్‌లో? నా వయసు చెప్పావు గాని నా పని చెప్పావా?"

"మీ మేలు కోరే కదా అన్నయ్యగారూ..."

"జయరాజూ, నాతో అనాల్సింది నాతో అను. దేవుడి చాటునుంచి రాయెయ్యకు. కళ్ళు మూసుకున్నవాడు ఎదురు చెప్పలేడని గదా నీ ధైర్యం!"

ఆయన భార్య వైపు తిరిగాడు. వసంతకుమారి తలమీది కొంగు సర్దుకుంది.

"నీకూ తెలుసా?"

"ఫోన్ నంబరు నేనే ఇచ్చానండి."

హెల్మెట్ అందుకుని గరాజులోకి నడిచాడు. ఈసారి ఇంజను మొదటి లాగుడుకే అందుకుంది.

గాలి లేచింది. గునపం, బరమా, కర్ర, నోటుబుక్కు. కోపంలోనూ కర్రని రెండుసార్లు దింపాడు. మూడు చెట్లు బిగిసేసరికి నాలుగున్నర దాటి వెలుగు మసకబారింది. నాలుగోది, వాళ్ళింటి చెట్టు, సరిగ్గా వాగు మూల ఎదుట నిలవాల్సింది. గునపం దెబ్బ కొట్టాడు. గాలి హోరులో చప్పుడు తెలియలేదు. కర్ర మీది గాట్లు కనిపించలేదు. ఎంత కోపం ఉన్నా చూడని దానికి రిపోర్టు రాయడు. నోటుబుక్కులో "42 - రేపు" అని రాసి, చెట్టుని తిరిగి స్లెడ్జికి కట్టుకున్నాడు. జేబులో కజ్జికాయలు రాళ్ళైపోయాయి. ఒకటి బుగ్గన పెట్టుకుని ఇంటికి వచ్చాడు.

హాలు ఖాళీ. మంచు ముదురుతుందని అందరూ వెళ్ళిపోయారు, దెబోరా పై గదిలో తలుపేసుకుంది. బూట్లు విప్పడానికి వంగితే మోకాలు సహకరించలేదు. దగ్గర్లో ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే. కూర్చున్నాడు. కింద మీట ఏదో తగిలి కాళ్ళు వాటంతటవే లేచాయి.

వసంతకుమారి టీ తెచ్చి పక్కన పెట్టింది.

"నంబరు ఎందుకిచ్చావు?"

"భయమేసి."

"నాకేమవుతుందనా?"

"నాకేమవుతుందని. ఆ మోత ఆగిపోతే ఈ ఊళ్ళో నాకెవరున్నారు?"

"ఆ ముక్క నాతో అనొచ్చుగదే."

"టీ చల్లారుతోంది," అని ఆమె కజ్జికాయలు తేవడానికి లోపలికి వెళ్ళింది. డబ్బా పై అరలో ఉంది, స్టూలు వేసుకుని తీయాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి టీ మీద మీగడ కట్టింది. ఆయన ఒక బూటుతో, ఒక మేజోడుతో, నోరు కొంచెం తెరిచి అలాగే ఉన్నాడు. గుండె అన్నారు. దెబోరా మెట్లు దిగి వచ్చి చేయగలిగిందంతా చేసింది, అంబులెన్సు వచ్చేదాకా ఆపలేదు.

మర్నాడు జయరాజు ఫోన్‌లో, "ఎంత చెప్పినా వినలేదమ్మా, చివరికి ఆ యంత్రమే..." అన్నాడు.

"కుర్చీలో పోయారు జయరాజుగారూ," అంది వసంతకుమారి. "మీరు దేవుణ్ణి అడిగిన కుర్చీలోనే. నలుగురికీ చెప్పేటప్పుడు అది కూడా చెప్పండి." ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం స్టీవ్ వచ్చాడు. టోపీ చేతిలో, చెక్కపలక చంకలో. పలకని ముందుకు చాపాడు. ఆమె దాన్ని అందుకోలేదు. నోటుబుక్కు తెచ్చి చివరి పేజీ చూపించింది. తెలుగులో ఉన్న ఆ మాట అతనికి ఎక్కదు. పక్కనున్న 42 ఎక్కింది.

"ఫస్ట్ ట్రీ," అంది. "దెన్ దిస్."

"మిసెస్ డి, ఇవాళ..."

"టుడే."

దెబోరా అడ్డం వచ్చింది. "అమ్మా, నువ్వెక్కడికి?"

"నాన్న పని మిగిలింది. ఎక్కడ పెట్టాలో ఈ అబ్బాయికి తెలియదు, వాగు తట్టు నాకు తెలుసు. పదేళ్ళు వద్దన్నా వినకుండా చెప్పారు నాకు." చీర మీద ఆయన సూటు తొడుక్కుంది. సూటు కాళ్ళు నాలుగు మడతలు పైకి మడుచుకుంది. "నువ్వు గునపం పట్టుకురా."

పదమూడేళ్ళలో ఆమె ఆ బండి ఎక్కడం అదే మొదలు. స్టీవ్ నడిపాడు, ఆమె వెనక కూర్చుని అతని భుజం పొడిచి పొడిచి దారి తిప్పించింది. దెబోరా స్టీవ్ బండి మీద వెనకే వచ్చింది. అతను బరమా తిప్పాడు. దెబోరా కర్ర దింపి అంగుళాలు చదివింది.

"మళ్ళీ దింపు," అంది వసంతకుమారి.

దెబోరా తల్లిని చూసింది. కర్ర తుడిచి మళ్ళీ దింపింది.

చెట్టు నిలబడింది. నూరు లెక్కపెట్టి ముగ్గురూ వెనక్కి తిరిగారు. డబ్బాలోకి చేరకుండా మిగిలిపోయిన వెండి తళుకు పోగు ఒకటి అడుగుకొమ్మకి చుట్టుకుని ఉండిపోయింది, వాగు వైపు నుంచి గాలి వచ్చినప్పుడల్లా అది లేచి ఒడ్డు వైపుకి మెరుస్తోంది.