గుర్తు అడిగిన మరదలు

బావతో సూపర్ మార్కెట్టుకు వెళ్ళేవాళ్ళు పరువును ఇంట్లో పెట్టి తాళం వేసుకుని వెళ్ళాలి. ఆ సంగతి తెలిసి కూడా పళ్ళమ్మాయి ప్రతి శనివారం సాయంత్రం అక్కాబావల వెంట బయలుదేరేది. బావ జనరేటర్లు, నీటి పంపులు బాగుచేసే మెకానిక్. వారమంతా గ్రీజులో మునిగి తేలే మనిషి, ఆ చల్లటి అద్దాల కొట్టులో కాలు పెట్టగానే పసివాడైపోయేవాడు. ఎవరో పెద్దమనిషి సబ్బుల దగ్గర తల తిప్పితే చాలు, ఆయన బండిలోకి పసిపిల్లల పాలసీసా జారవిడిచేవాడు. బట్టల బొమ్మల మధ్య చొక్కా సర్దుకుని ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి, ఎవరైనా గుడ్డ నాణ్యం చూద్దామని చెయ్యి వేయగానే "మీ చేతులు భలే చల్లగా ఉన్నాయండీ" అనేవాడు. ఒకసారి ఒక సేల్స్‌మన్‌ను పట్టుకుని ఎడమచేతివాటం గరిటెలు ఎక్కడున్నాయని అడిగాడు. పాపం ఆ మనిషి గోదాములోకి వెళ్ళి వెతికి వచ్చి, స్టాకు అయిపోయిందని చెప్పాడు. అక్క నవ్వాపుకోలేక పిండి సంచుల వెనక చతికిలబడింది.

పళ్ళమ్మాయి అన్నది చర్చిలో వాళ్ళు పెట్టిన పేరు. ఆమె పంటి డాక్టరు క్లినిక్ వెనక గదిలో పళ్ళ సెట్లు చేస్తుంది. మైనం కరిగించి, అచ్చు పోసి, ఒక్కో పన్నూ అమర్చి, నునుపు పట్టి, చివరకు ముసలివాళ్ళను కూర్చోబెట్టి తనే సరిచూసి పంపుతుంది. కొత్త పళ్ళతో మొదటిసారి నవ్వే మొహాలు చూడటం ఆమెకు ఇష్టం. పెళ్ళి ఊసెత్తితే మాట దాటవేస్తుంది. అక్క తప్ప ఆమె మనసులో మాట తెలిసినవాళ్ళు లేరు.

ఆ ఏడు వాళ్ళ చర్చికి ఒక డాక్టరమ్మ వచ్చింది. సముద్రం అవతల ఎక్కడో కొండల్లో మిషన్ ఆసుపత్రి నడుపుతున్న మనిషి. కరెంటు పోతే ఆపరేషన్ మధ్యలో టార్చిలైటు పట్టుకుని నిలబడే నర్సుల గురించి చెప్పింది. పళ్ళూడిపోయి, నమలలేక, జావ తాగి బతుకుతున్న ముసలివాళ్ళ గురించి చెప్పింది. "అక్కడికి వచ్చి దేవుడి పని చేసేవాళ్ళు కావాలి. ప్రసంగాలు రాకపోయినా ఫరవాలేదు, చేతిలో పని ఉంటే చాలు" అంది. పళ్ళమ్మాయి బల్ల చివర కూర్చుని, ఎవరూ చూడకుండా ఏడ్చింది. ఇంటికి వచ్చాక భయం పట్టుకుంది. నిజంగా దేవుడి పిలుపేనా? లేక తన పిచ్చా?

ఆ సంఘంలో ఒక అలవాటు ఉంది. ఇల్లు మారాలన్నా, సంబంధం ఖాయం చేసుకోవాలన్నా దేవుణ్ణి గుర్తు అడుగుతారు. ఫలానాది జరిగితే అది నీ చిత్తమేనని నమ్ముతాం అని ముందే చెప్పుకుంటారు. ఏమడిగారో నరమానవుడికి చెప్పకూడదు, అదొక్కటే షరతు. పళ్ళమ్మాయి ఒకటే అడిగింది. ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరైనా తన దగ్గరికి వచ్చి "నువ్వు ఇంకా వెళ్ళలేదా?" అని అడగాలి. ఎవరికీ చెప్పలేదు, అక్కకు తప్ప. అక్క అంటే మరొకరు కాదుగా అనుకుంది. అక్క కూడా మొగుడంటే మరొకరు కాదుగా అనుకుంటుందని ఆమెకు తట్టలేదు.

ఆ శనివారం సబ్బుల వరుసలో బూడిద రంగు కోటు వేసుకున్న ఒక ముసలావిడ పళ్ళమ్మాయి ఎదురుగా వచ్చి నిలబడింది. మొహంలోకి తేరిపార చూసింది.

"నువ్వు ఇంకా వెళ్ళలేదా?" అంది.

అంతే. తన బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. పళ్ళమ్మాయి చేతిలో సబ్బు కింద పడింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు ఆరాధనలో లేచి నిలబడి, ఏడుస్తూ, దేవుడు తనను పిలిచాడని, తను వెళ్తున్నానని నిండు సంఘంలో చెప్పింది. పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. సోమవారం క్లినిక్‌లో పని మానేస్తున్నానని చెప్పేసింది.

ఆ వారంలోనే అక్క డాక్టరమ్మను భోజనానికి పిలిచింది. తింటూ తింటూ డాక్టరమ్మ "నీ గుర్తు సంగతి మళ్ళీ ఒకసారి చెప్పమ్మా, మా వాళ్ళకు రాస్తాను" అంది. పళ్ళమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. కోటు రంగు దాకా వచ్చేసరికి బావ ముద్ద మింగలేక దగ్గాడు. దగ్గు నవ్వయింది. నవ్వు ఆగలేదు.

"ఇక నా వల్ల కాదు. ఆవిడ మా వర్క్‌షాప్ పక్కింటి మామ్మ. నేనే అనిపించాను. ఆదివారం నువ్వు చర్చిలో లేస్తావని నాకేం తెలుసు మరదలా? శనివారమే చెప్పేద్దామనుకున్నా."

అక్క చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. పళ్ళమ్మాయికి తల కొట్టేసినట్టయింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "సరే, గుర్తు పక్కన పెట్టు. నీ మనసులో ఏముంది?" అని అడిగింది. పళ్ళమ్మాయి కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"నాకే పిలుపూ లేదు" అని వెళ్ళిపోయింది.

అది అబద్ధం. వెళ్ళాలనే ఉంది, అంతకు ముందు కంటే ఎక్కువగా ఉంది. కానీ ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? చర్చిలో మళ్ళీ లేచి, పొరపాటు పడ్డానని చెప్పుకోవాల్సి వచ్చింది. క్లినిక్ డాక్టరు దగ్గరికి వెళ్ళి తల వంచుకుని మళ్ళీ పని అడగాల్సి వచ్చింది. కిటికీ పక్కన ఉన్న ఆమె బల్ల అప్పటికే వేరేవాళ్ళదైంది, సింకు పక్కన మూల దొరికింది. అన్నిటికంటే చర్చి గేటు దగ్గర కుర్రాళ్ళూ పెద్దాళ్ళూ ఒకేలా పళ్ళికిలించి "నువ్వు ఇంకా వెళ్ళలేదా?" అనడం మొదలుపెట్టారు. అన్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

బావ క్షమాపణ అడిగాడు. ఒకటికి నాలుగుసార్లు అడిగాడు. ఆమె "సరేలే బావా" అంది. లోపల మాత్రం పగ పట్టింది. శత్రువును ప్రేమించమని పాస్టరుగారు చెబుతూనే ఉన్నాడు, కానీ బావల సంగతి ఆయన ఎన్నడూ ప్రత్యేకంగా ఎత్తలేదు. ఆ సందు చూసుకుని ఆమె రోజూ మోకరించి మరీ పగ పెంచుకుంది. తనను ఏ గోతిలో తోశాడో ఆ గోతిలోనే ఆయన్ను తోయాలి. ఆయన కూడా నమ్మాలి. నిండు సంఘంలో లేచి నన్ను దేవుడు పిలిచాడని చెప్పాలి. అప్పుడు తను లేచి, పిలిచింది దేవుడు కాదు నేనేనని చెప్పి, పడీ పడీ నవ్వాలి.

మనుషుల కొరత లేదు. ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళ నోళ్ళలో ఆమె చేతిపనే ఉంది. సెట్టు సరిచూసుకోవడానికి వచ్చిన రిటైరైన బస్సు కండక్టరుతో మొదట మాట కలిపింది. "తాతగారూ, శనివారం సాయంత్రం సూపర్ మార్కెట్టులో మా బావ ఉంటాడు. పొడుగ్గా ఉంటాడు, గోళ్ళలో గ్రీజు ఉంటుంది. దగ్గరికెళ్ళి 'నువ్వు ఇంకా వెళ్ళలేదా?' అని అడిగి వచ్చేయండి. ఇంకొక్క ముక్క మాట్లాడకూడదు" అంది. ఆయన కళ్ళు మెరిశాయి. బస్సులో ఒక జీవితకాలం దిగండి దిగండి అని అరిచిన గొంతు అది, ఇన్నాళ్ళకు మళ్ళీ పని దొరికింది.

శనివారం బల్బుల వరుసలో బావ ఎవరి బండిలోనో చీపురు దూర్చబోతూ ఉండగా కండక్టరుగారు ఎదురొచ్చాడు.

"నువ్వు ఇంకా వెళ్ళలేదా?"

బావ చేతిలో చీపురు గాల్లో ఆగిపోయింది. "ఎక్కడికండీ?" అన్నాడు. కండక్టరుగారు జాలిగా తలాడించి వెళ్ళిపోయాడు. పళ్ళమ్మాయి నేర్పని నటన అది, కానీ బ్రహ్మాండంగా పండింది. బావ వరుస చివరిదాకా పరుగెత్తి అటూ ఇటూ చూశాడు. పళ్ళమ్మాయి అవతలి వరుసలో గరిటెలు ఎంచుతూ కుక్కిన పేనులా ఉంది. లోపల మాత్రం పండగ.

తర్వాతి శనివారం ఒక రిటైర్డ్ టీచరమ్మ వెళ్ళింది. ఆ సాయంత్రం పాల డబ్బాలు కిందపడి పళ్ళమ్మాయి వాటిని ఏరుతూ ఉండిపోయి, బావ మొహం చూడలేకపోయింది. ఆపై వారం ఒక గడియారాలు బాగుచేసే ఆయన వెళ్ళాడు. ఆ తర్వాత ఆమె ఎవరినీ పంపనక్కర్లేకపోయింది. బావ మారిపోయాడు. బట్టల బొమ్మల పక్కనుంచి వాటి వంక కూడా చూడకుండా వెళ్ళిపోతున్నాడు. చిల్లర వేషాలు లేవు. కావలసినవి బండిలో వేసుకుని నెమ్మదిగా వరుసలో నిలబడుతున్నాడు.

"మీ బావకు ఏమైందే?" అంది అక్క ఒకరోజు. "తెల్లారకముందే లేచి కూర్చుంటున్నాడు. నిన్న మోకాళ్ళ మీద చూశాను. నాకు భయమేస్తోంది."

"ఏం కాదులే అక్కా" అంది పళ్ళమ్మాయి. అక్క మొహం చూస్తే ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. ఆ క్షణాన్ని తొక్కిపెట్టేసింది.

చివరికి ఆ ఆదివారం వచ్చింది. డాక్టరమ్మ ప్రయాణానికి ముందు చివరిసారి చర్చికి వచ్చింది. దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యాలు ఎవరైనా చెబుతారా అని పాస్టరుగారు అడగగానే బావ లేచాడు. మరదలి పిలుపును తను నవ్వులాట చేశానని, అది పాపమని, అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆ కొండల్లో ఆసుపత్రి జనరేటరు మాటిమాటికీ ఆగిపోతుందట, దాన్ని బాగుచేయడం తనకు వచ్చు, తనూ తన భార్యా వెళ్తున్నామని చెప్పాడు. అక్క ఏడుస్తూ నవ్వుతోంది.

పళ్ళమ్మాయి ఇన్నాళ్ళూ కాచుకున్న ఘడియ ఇదే. లేచి నిలబడింది. నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు పాట ఎత్తుకున్నాడు, సంఘమంతా లేచి నిలబడింది. అంతమంది మధ్య ఆమె నిలబడటం ఒక లెక్కలోకే రాలేదు. పళ్ళు నూరుకుంటూ పాట అయ్యేదాకా నిలబడి, బయటికి వచ్చి, సైకిళ్ళు పెట్టేచోట బావను పట్టుకుంది.

"బావా, ఆ ముసలివాళ్ళను పంపింది నేనే" అంది. ఆయన మొహం వాడిపోవడం దగ్గరి నుంచి చూడాలని ఒక్క అడుగు ముందుకు వేసింది.

"తెలుసు" అన్నాడు బావ.

"ఏం తెలుసు?"

"రెండోవారం వచ్చిన టీచరమ్మ నా ముందు నిలబడి, అనాల్సిన మాట మర్చిపోయింది. 'ఉండు బాబూ, మీ మరదలు ఏదో అడగమంది, ఇప్పటిదాకా నోట్లోనే ఉంది' అంది."

పళ్ళమ్మాయి "మరి తెలిసి కూడా ఎందుకు లేచావ్? నన్ను మళ్ళీ ఆట పట్టించడానికా?" అంది.

"కాదు. మొదటివారం నాకు తెలియదుగా. ఆ వారమంతా నిద్రపట్టలేదు. టార్చిలైటు పట్టుకున్న నర్సుల సంగతి డాక్టరమ్మ చెప్పిన రోజు నీతోపాటు నేనూ విన్నాను మరదలా. వినీ, నవ్వులాటలో పడేశాను. ఆ వారంలో అదంతా బయటికొచ్చింది. టీచరమ్మ వల్ల గుట్టు తెలిశాక హమ్మయ్య అనుకుని, మళ్ళీ పాతమనిషినైపోదామని చూశాను. నా వల్ల కాలేదు."

"నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశావు."

"చేశాను. తప్పే. ఎన్నిసార్లయినా ఒప్పుకుంటాను. కానీ ఒకటి చెప్పు. సబ్బుల దగ్గర మామ్మను నిలబెట్టింది నేను. బల్ల చివర కూర్చుని నువ్వు ఏడ్చావే, అది కూడా నేనే చేయించానా?"

ఎవరూ చూడలేదనుకున్న ఏడుపు అది.

"పళ్ళు చేసే మనిషి కోసం డాక్టరమ్మ ఇంకా చూస్తూనే ఉంది" అన్నాడు బావ. "ఇప్పుడే అడిగింది. ముగ్గురం కలిసి వెళ్దాం. మీ అక్క కూడా అదే కోరుకుంటోంది."

ఆయన మొహంలో వెతికితే ఒక్క వెటకారపు గీత కూడా లేదు. ఆమె గొంతులోకి "వస్తాను" అన్న మాట దానంతట అదే వచ్చేసింది. నాలుక చివరిదాకా వచ్చింది. వస్తానంటే ఏమవుతుంది? తనను ఏడిపించినవాడే తనకు దారి చూపించినవాడవుతాడు. తను తవ్విన గొయ్యి ఆయనకు మెట్టయిపోయింది. ఇక జీవితాంతం ఆ కొండల్లో, ఆయన వెనకే నడుస్తూ, ఆయన్ను మెచ్చుకునే జనం మధ్య బతకాలి. పాత పగ మళ్ళీ భగ్గుమంది.

"రాను" అంది. "నాకే పిలుపూ లేదని ఆ రోజే చెప్పాను."

ఎప్పుడూ ఒక మాట విసిరి నవ్వించే బావ తల ఊపి, అక్క వైపు వెళ్ళాడు.

సోమవారం పళ్ళమ్మాయి సింకు పక్క మూలలో కూర్చుని కండక్టరుగారి సెట్టుకు మళ్ళీ నునుపు పడుతోంది. కింది దవడ కాస్త గుచ్చుకుంటోందని పంపించాడు. యంత్రం తిరుగుతూ ఉంటే, రానన్నది బావకు మాత్రమే కాదు, దేవుడికి కూడానని తెలిసింది. యంత్రం ఆపేసింది. బావ మీద గెలిచానని తనకు తాను చెప్పుకుంది, మళ్ళీ చెప్పుకుంది. ఇలాంటివి చెప్పుకోవడానికి ఆమెకు లోకంలో ఉన్నది అక్క ఒక్కతే. ఆ అక్క ఇంట్లో పెట్టెలు సర్దుకుంటోంది.