వెస్లీ కుడిచేతి ముద్ర

లాక్‌డౌన్ ఏడాది మే నెలలో నా దగ్గర మిగిలిన సరుకు రెండు రకాలు: అమ్ముడుపోని అల్లం, మొలకలొచ్చిన ఆలుగడ్డ. కొట్లో చోటు చాలక అల్లం బస్తాలు చర్చి పక్క గదిలో వేయించాను. కమిటీలో ఉన్నాను కాబట్టి ఆ గది తాళం నా దగ్గరే ఉండేది. నా లారీ నడిపే వెస్లీ బొంబాయిలో చిక్కుకుపోయాడు. వాడు తిరిగొస్తే నా కష్టంలో సగం తగ్గుతుందని లెక్క వేసుకున్నాను.

వాడు వచ్చాడు. రాష్ట్ర సరిహద్దులో చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు దగ్గర లారీ ఆపి, పద్నాలుగు రోజులు ఎవరికీ దగ్గరగా పోవద్దని చెప్పి, చేతిమీద చెరగని సిరాతో ముద్ర వేశారు. మిగతా అందరికీ ఎడమచేతికి వేశారు. వెస్లీ ఎడమ చెయ్యి తాడు కోసుకుని కట్టుతో ఉంది. అందుకని వాడికి మాత్రం కుడిచేతికి వేశారు. గొడవంతా అక్కడ మొదలైంది.

వాళ్లమ్మ అనంతమ్మ మా చర్చిలో ముందు వరస మనిషి. చదువు రాకపోయినా బైబిలు వాక్యమంతా నోటికి వచ్చు. కడవరి రోజుల్లో మృగం వచ్చి మనుషుల కుడిచేతికి ముద్ర వేస్తుందని, అది పడ్డవాడు దేవుడికి కాకుండా పోతాడని మా వాళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొడుకు గడప బయట నిలబడి చేతులెత్తి దండం పెట్టేసరికి ఆమె కేక వేసింది.

"గా ముద్ర తుడుచుకొనే ఇంట్లకు రా! తుడవకుంటే రాకు!"

వెస్లీ నా కొట్టుకు వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"సేటూ, నల్లా కాడ కిరోసిన్ పెట్టి రుద్దిన, పోతలేదు. సబ్బు కొందామని పోతే గుండయ్య నా చెయ్యి చూసి షట్టర్ దించిండు. బస్తాల మీద మార్కా చెరిపే మందు ఉంటది గదా, జర ఇయ్యి."

ఆ డబ్బా నా కాళ్ల దగ్గరే ఉంది. ఇస్తే వాడు ఇంటికి పోతాడు. వాళ్లింట్లో ఉన్నది ఒక్కటే గది. అనంతమ్మకు దమ్ము జబ్బు, మామూలు జలుబుకే రాత్రంతా కూర్చుని ఉంటుంది. ఇవ్వకపోతే వాడు రోడ్డు మీద పడతాడు. రెండు వైపులా నష్టమే కనిపించింది. డబ్బా అక్కడే ఉంచి మా చర్చి పాస్టరు ఇస్సాకు అయ్యగారికి ఫోన్ చేశాను.

అయ్యగారు స్కూటర్ మీద వచ్చారు. ముగ్గురం అనంతమ్మ గల్లీలో దూరం దూరంగా నిలబడ్డాం. ఆమె గడపలో కూర్చుంది.

"అనంతమ్మా, ఆ ముద్ర వెస్లీ కోసం ఏసింది కాదు," అన్నారు అయ్యగారు. "ఎదురుంగ వచ్చేటోళ్ల కోసం. దాన్ని తుడుచుడంటే పక్కింటోళ్లకు అబద్ధం చెప్పినట్టే."

"అబద్ధానికి క్షమాపణ ఉంది అయ్యగారూ. మృగం ముద్రకు లేదు."

అయ్యగారు ఇంకా చాలా చెప్పారు. ఆమె ప్రతి మాటకూ ఒక వాక్యం తీసింది. ఇట్లా అయితే పొద్దు గూకుతుందని నేను కలగజేసుకున్నాను.

"అక్కా, మృగం ముద్ర ఉన్నోడు ఏం చేస్తడు?"

"ఏం చేస్తడు? కొంటడు, అమ్ముతడు. ముద్ర లేనోనికి బజార్ల ఏం దొరకది. ఆకలితో సావాలె."

"మరి నీ కొడుకు ముద్ర ఏసుకొని గుండయ్య కాడికి పోయిండు. సబ్బు బిళ్ల దొరికిందా?"

ఆమె వెస్లీ వైపు చూసింది. వాడు తల అడ్డంగా ఊపాడు.

"నాకు ముద్ర లేదు, పొద్దుగాల్నే పది సామాన్లు కొన్న," అన్నాను. "ముద్ర ఉన్నోనికి బజార్ బంద్, లేనోనికి ఖుల్లా. గా మృగం గింత ఉల్టా యాపారం చేస్తదా అక్కా?"

అనంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "ఉల్టానే ఉంది," అంది. "అయితే ఉండనీ. గని వీడు ఏడ పండాలె?"

అయ్యగారు నన్ను చూశారు. "చర్చి పక్క గది ఉంది. తాళం దేవరాజ్ దగ్గరే."

"అయ్యగారూ, అండ్ల నా అల్లం ఉంది. ఎండల పడితే ఖరాబైతది."

"మరి వెస్లీని ఎండల పెడ్దామా?"

అంతలో కమిటీ పెద్ద జగన్‌మోహన్ అయ్యగారికి ఫోన్ చేశాడు. కబురు అప్పుడే పాకింది. "రోగపోన్ని ఆడ పెడితే రేపు చర్చి తెరిచినంక ఎవలొస్తరు?" అని ఆయన అరవడం మాకందరికీ వినిపించింది.

"ఇయ్యాల వీనికి తలుపు తెరవకుంటే, రేపు వాళ్లను ఏ మొఖం పెట్టుకొని పిలవాలె?" అని అయ్యగారు ఫోన్ పెట్టేశారు. బస్తాలు బయటికి తీసి తాటిపత్రి పట్టా కప్పించాను. మూడో వంతు పాడైంది.

వెస్లీ ఆ గదిలో ఉన్నాడు. అనంతమ్మ రోజూ టిఫిన్ డబ్బా గేటుకు తగిలించి వెనక్కి జరిగేది. వారం తిరగకముందే వాడు కిటికీలోంచి నన్ను పిలిచాడు.

"సేటూ, గదిల అల్లం వాసన అస్సలు లేదు. బాగ కడిగించినవ్ గదా."

నేను కడిగించలేదు. గేటు బయటికే అల్లం ఘాటు గుప్పుమంటోంది. దవాఖాన వాళ్లకు కబురు పెట్టాను. వచ్చి పరీక్ష చేశారు, కరోనా అన్నారు. జ్వరం పెద్దగా లేదని అక్కడే ఉంచి మందులిచ్చారు. అనంతమ్మకు కూడా చూశారు, ఏమీ లేదు.

నేను లెక్క మళ్లీ వేసుకున్నాను. పాడైన అల్లం ఒకవైపు పెట్టాను. ఆ రాత్రి వాడు ఆ ఒక్క గదిలో తల్లి పక్కన పడుకుని ఉంటే ఏమయ్యేదో రెండోవైపు పెట్టాను. అయ్యగారి బేరమే బాగుంది.

ఆ సాయంత్రం తాటిపత్రి సర్దడానికి వెళ్లాను. అనంతమ్మ గేటు బయట నిలబడి కిటికీ వైపు అరుస్తోంది.

"చెయ్యి చూపియ్యి. ఇట్ల తిప్పు. అయ్యో, సగం మాసిపాయె! సబ్బుతోని గంత రుద్దకు బిడ్డా, ఇంకా దినాలున్నయ్!"