అదే చోట, అదే పరిమాణంలో

ఆ పత్రికా కార్యాలయంలో గోడ గడియారం కింద చట్రం కట్టిన కాగితం ఒకటి వేలాడుతూ ఉంటుంది. పత్రికను స్థాపించిన పెద్దాయన స్వహస్తంతో రాసిన వాక్యం అది: "తప్పు ఎక్కడ పడితే సవరణ అక్కడే, తప్పు ఎంత ఉంటే సవరణ అంతే." ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా ఆ వాక్యానికి కావలి కాస్తున్నవాడు ప్రూఫ్ రీడరు. తప్పుపడిన శీర్షికను ఉక్కు స్కేలుతో కొలుస్తాడు. సవరణ ఒక్క మిల్లీమీటరు తగ్గినా అచ్చుకు పోనివ్వడు. అందుచేత అందరూ ఆయనను స్కేలు మాస్టారు అంటారు. వెక్కిరింతగా మొదలైన ఆ పేరును ఆయన బిరుదుగానే స్వీకరించాడు.

ఆ ఉదయం ఒక బేకరీ యజమానురాలు తిన్నగా ఆయన బల్ల దగ్గరికి వచ్చి, దిద్దుతున్న కాగితాల మీద తన ఫోను పెట్టింది.

"ఇది మీ పేపరేనా, చెప్పండి."

ఎర్రని పట్టీలో "బేకరీలో ఎలుకలు: తాళం వేసిన అధికారులు" అన్న శీర్షిక. దాని కింద, తన దుకాణం ముందు నవ్వుతూ నిలబడిన ఆమె ఫొటో. వార్తలోని దుకాణం వేరు, వీధి వేరు. ఫొటో మాత్రం ఆమెది. మూడేళ్ళ క్రితం ఆమె శుభ్రతను మెచ్చుకుంటూ ఈ పత్రికే ప్రచురించిన ఫొటో అది. నాటి ప్రశంసా వాక్యాలను దిద్దినది మాస్టారే.

"వార్త ఎవరూ చదవలేదండీ. నా మొహం చూశారంతే. రెండు రోజుల్లో ఒక్కరూ మెట్టెక్కలేదు. ఇవాళ ఓవెన్ వెలిగించలేదు. ఇంకో వారం ఇలాగే ఉంటే నా కొట్టుకి తాళం నిజంగానే పడుతుంది. నేనే వేసుకోవాలి."

మాస్టారు వెబ్ విభాగం చూసే ఆమెను పిలిచాడు. ఆమె ఎడిటరుగారి కూతురు. ఫొటో చూడగానే ఆమె తల దించుకుంది.

"నేనే బాబాయ్. పాత ఫొటోల్లో బేకరీ అని వెతికితే ఇదొక్కటే వచ్చింది. తొందరలో పెట్టేశాను. తెలియగానే తీసేశాను, వెబ్‌సైటులో మొత్తం పదకొండు నిమిషాలే ఉంది."

"నాకు చూపించలేదేం?"

"మీకు చూపించేలోపు పక్క పేపరువాళ్ళు పెట్టేస్తారు."

"సరే, తీసేశావు. నీ దగ్గర పోయింది. జనం ఫోన్లలోంచి పోయిందా?"

సమాధానం బేకరీ ఆమె చెప్పింది. "మా వదినే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టిందండీ, అందరూ జాగ్రత్త అని, దండం బొమ్మతో సహా. అడిగితే, ఫొటోలో కాస్త లావుగా ఉన్నావు, నువ్వనుకోలేదు అంది."

ఎడిటరుగారు గదిలోంచి వచ్చి సంగతి విన్నారు. "రేపు మొదటి పేజీలో సవరణ వేద్దాం మాస్టారూ. పెద్దదే వేద్దాం."

"తప్పు పేపర్లో పడలేదు కదండీ. పేపరు చదివేవాళ్ళకి ఈవిడ మీద అనుమానమే లేదు. కొత్తగా మనమే పుట్టించినట్టవుతుంది."

అంటూనే ఆయన అలవాటు చొప్పున స్కేలు తీసి ఫోను మీద పెట్టాడు. ఎడిటరుగారి కూతురు తెరను రెండు వేళ్ళతో సాగదీసింది. అక్షరాలు పెరిగాయి, మళ్ళీ ముడిచింది, తరిగాయి.

"ఇది స్కేలుకి చిక్కదు బాబాయ్."

మాస్టారు స్కేలును పక్కన పెట్టి చట్రం వైపు చూశాడు.

"అయితే చేతులతో కొలుద్దాం. ఆ బొమ్మ ఎన్ని చేతులు మారిందో సవరణ కూడా అన్ని చేతులు మారాలి. అవే చేతులు."

"ఎవరు ఎవరికి పంపారో దేవుడికే తెలియాలి."

"దేవుడికి తెలిసిన దాంట్లో కొంత అడిగితే మనుషులూ చెబుతారు. వదినగారి నంబరు ఇవ్వమ్మా."

మధ్యాహ్నానికి కొత్త బొమ్మ సిద్ధమైంది. అదే ఎర్రని పట్టీ, అవే అక్షరాలు: "ఈమె బేకరీలో ఎలుకలు లేవు. తప్పు మాది." చల్లారిన ఓవెన్ పక్కన నిలబడిన ఆమె కొత్త ఫొటో, ఈసారి నవ్వనని ఆమె ముందే చెప్పేసింది. అడుగున పత్రిక పేరు, మాస్టారి సొంత ఫోను నంబరు. వెబ్‌సైటులో అన్నిటికన్నా పైన, రోజంతా అదే ఉండాలన్నాడాయన.

"మన పరువు మనమే తీసుకున్నట్టు ఉంటుందేమో," అన్నారు ఎడిటరుగారు.

"ఆ చట్రం గోడ మీద ఉన్నన్నాళ్ళూ నేనింతేనండీ. దింపేస్తే చెప్పండి, ఆ మేకుకి నా గొడుగు తగిలించుకుంటాను."

ఎడిటరుగారు చట్రంలోని తన తండ్రి చేతిరాతను ఒకసారి చూసి లోపలికి వెళ్ళారు. క్షణంలో తిరిగి వచ్చి తన ఛార్జరు మాస్టారి బల్ల మీద పెట్టారు.

వదిన తనకు పంపినవారి పేరు చెప్పింది. ఆ పేరు మరొక పేరు చెప్పింది. మాస్టారు ఒక్కొక్కరినీ ఆ బొమ్మ పంపినచోటికే సవరణ కూడా పంపమని అడుగుతూ, ప్రూఫు కాగితం వెనుక ఆ పేర్లను వంశవృక్షంలా గీస్తూ పోయాడు. కొందరు విసుక్కున్నారు, కొందరు మధ్యలోనే ఫోను పెట్టేశారు. ఒక దంతవైద్యురాలు మాత్రం నిజం చెప్పింది.

"ఇప్పుడిది పంపితే, అప్పుడు అది పంపింది నేనేనని అందరికీ గుర్తొస్తుందండీ."

"గుర్తు రావాలనే తల్లీ. నా నంబరు కూడా అందుకే వేశాను. తిట్లు నాతో పంచుకుందువుగాని, పంపు."

ఆమె పంపింది. మర్నాటి సాయంత్రానికి వృక్షంలో ఇరవై ఆరు కొమ్మలు తేలాయి. ఇరవై రెండింటికి సవరణ చేరింది.

ఆ మరుసటి ఉదయం బేకరీ నుంచి ఫోను వచ్చింది.

"ఓవెన్ వెలిగించాను మాస్టారూ. సగం మంది వచ్చారు. మా వదినైతే రెండు బన్నులు కొని, వీధంతా చూసేటట్టు మెట్ల మీద నిలబడి తింటోంది."

"సగమేనా అమ్మా?"

అప్పటికి ఆయన కుర్చీ వెబ్ విభాగంలోకి, ఎడిటరుగారి కూతురి తెర పక్కకు మారింది. కుర్చీ జరిపింది ఆమే.

"బాబాయ్, ఈ వార్త పక్కవాళ్ళు అప్పుడే పెట్టేశారు."

"పెట్టనీ. ఈ ఫొటో ఎవరిది?"

"కనుక్కుంటున్నా. ఐదు నిమిషాలు పడుతుంది."

"పట్టనీ."

ఆ ఐదు నిమిషాలు వృథా పోనివ్వకుండా మాస్టారు వంశవృక్షం విప్పి, మిగిలిన నాలుగు కొమ్మల్లో మొదటిదానికి ఫోను కలిపాడు.

"నమస్కారమండీ. నిన్న మాట్లాడినవాణ్ణే. అవునండీ, మీరు ఫోను పెట్టేశారు చూడండి, ఆ మనిషినే."