నాజూకు పొడికి ఒక సాక్ష్యం

ఎనభై ఏడులో, వేసవి సెలవులయిపోయి బడి తెరిచిన వారంలో, ఆనందమ్మ టీచరుగారిని పాపారావు రైసుమిల్లు కాటా మీద నిలబెట్టారు. అప్పుడు యానాంలో సగం మంది అక్కడే ఉన్నారు. మిగతా సగానికి మధ్యాహ్నంలోగా తెలిసింది. ఎనభై నాలుగు కిలోలు. బస్తాలు తూచేవాడు అలవాటు కొద్దీ "గోనె బరువు తీసెయ్యాలాండీ?" అన్నాడు. ఆవిడ దిగి కొంగు సర్దుకుంది. వాడు తన దగ్గర మూడో తరగతి రెండేళ్లు చదివిన సంగతి గుర్తొచ్చి క్షమించేసింది.

ఇదంతా తమ్ముడు ఇస్సాకు నిర్వాకం. ముప్పై అయిదేళ్ల మనిషి. మొదట కుట్టుమిషన్లు అమ్మాడు. తర్వాత పాటలు కాసెట్ల మీదికి ఎక్కించి ఇచ్చే కొట్టు పెట్టాడు. తర్వాత రొయ్యపిల్లల వ్యాపారమని ఏడాదిపాటు మోకాలి లోతు బురదలో తిరిగాడు. ఏదీ నిలవలేదు. ఇప్పుడు రాజమండ్రి వెళ్లి, 'నాజూకు' అని ఒళ్లు తగ్గే పొడి ఒకటుంటే దానికి యానాం ఏజెన్సీ తెచ్చుకున్నాడు. రెండొందల డబ్బాలు మంచం కింద పట్టక మంచం మీదికి ఎక్కాయి. ఇస్సాకూ, వాడి భార్య రాహేలూ చాప మీదికి దిగారు.

డబ్బా మీద రెండు ఫొటోలున్నాయి. 'వాడక ముందు' అని ఒక లావుపాటావిడ, 'వాడిన తర్వాత' అని ఒక సన్నపాటి పిల్ల. ఆనందమ్మ కళ్లజోడు పెట్టుకుని పరీక్ష పేపరు దిద్దినట్టు చూసింది.

"ఒరే, ఈవిడకి గెడ్డం మీద పుట్టుమచ్చ ఉంది. ఈ పిల్లకి లేదేంట్రా?"

"అదీ కరిగిపోయిందక్కా," అన్నాడు ఇస్సాకు, కన్నార్పకుండా.

తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్లు. ఆనందమ్మ తన పెళ్లి మాట ఎత్తనివ్వకుండా వాణ్ణి పెంచింది. వాడు మొహం వేలాడేస్తే ఆవిడకి ముద్ద దిగదు. ఆ సంగతి ఆవిడకంటే వాడికి బాగా తెలుసు కాబట్టి, ముందు మొహం వేలాడేసి తర్వాత మాట మొదలెట్టాడు.

"దసరా ఎల్లేలోగా అమ్మకపోతే ఏజెన్సీ పీకేత్తారంటక్కా. మేనేజరుగారొచ్చి ఇక్కడ మీటింగెడతారంట. ఊళ్లో మంచి పేరున్నోళ్లొకళ్లు లేచి, నేను వాడేను, తగ్గేను అని చెప్పాలంట. నువ్వు చెప్తే ఇంక తిరుగుండదు."

అందులో మాత్రం అబద్ధం లేదు. నెలలో మొదటి ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పుకుంటారు. దేవుడు చేసిన మేలూ, తాము చేసిన తప్పూ లేచి నిలబడి అందరి ముందూ చెప్పాలి. అక్కడ కొందరికి పడిశం టైఫాయిడ్ అవుతుంది, తుంపర తుపానవుతుంది. ఆనందమ్మ దగ్గర ఆ వ్యవహారం లేదు. ఒకసారి పోయిన గొలుసు దొరికిందని స్తోత్రం చెప్పడానికి లేచి, "అసలది పోలేదండి, బియ్యం డబ్బాలో నేనే దాచి మర్చిపోయాను, ఈలోగా పాచిపని చేసే పిల్లని అనుమానించాను" అని ఆ పిల్ల ఎదురుగానే చెప్పి ఏడ్చింది. అప్పట్నించి ఊళ్లో ఏ తగువొచ్చినా 'టీచరుగారు చూశారా, అయితే సరే' అంటారు, హిందువులైనా సరే, క్రైస్తవులైనా సరే.

"వాడి తగ్గితే చెప్తాను. తగ్గకపోతే చెప్పను," అంది ఆనందమ్మ. ఇస్సాకు మొహం లేచి నిలబడింది. అప్పటికప్పుడే ఆవిణ్ణి మిల్లు కాటా దగ్గరికి తీసుకెళ్లాడు.

మర్నాడు పొద్దున్న టిఫిను మానేసి, గ్లాసుడు మజ్జిగలో రెండు చెంచాల నాజూకు కలుపుకుంది. మొదటి గుక్కకి ఇదెక్కడో తెలిసిన వాసనే అనిపించింది. రెండో గుక్కకి తెలిసిపోయింది. ఉలవపిండి. అది కనబడకుండా కాస్త సోంపు. గుమ్మంలో ఇస్సాకు చేతులు కట్టుకుని నిలబడి, ఆవిడ అప్పుడే సన్నబడుతున్నట్టు చూస్తున్నాడు. వాడు వెళ్లేదాకా పుక్కిట పట్టి, ఆ గ్లాసు పెరట్లోకి తీసుకెళ్లి గేదె తాగే కుడితి గోలెంలో వంచేసింది. గేదె మధ్యలో తలెత్తకుండా తాగేసింది. రెండో రోజు గ్లాసు కోసం ఎదురుచూసింది. మూడో రోజు నించీ మధ్యలో గ్లాసెందుకని ఆనందమ్మ డబ్బాలోంచే గోలెంలో గుమ్మరించేది. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూనే, వాడు మరో డబ్బా తెచ్చిస్తే నోరు పెగలక పుచ్చుకునేది.

ఎలాగూ తగ్గను, ఎలాగూ చెప్పక్కర్లేదు అని ఆవిడ ధీమా. కానీ ఇస్సాకు ఆపాటికే రిక్షాకి మైకు కట్టించి, "మన ఆనందమ్మ టీచరుగారు నాజూకు వాడుచున్నారు" అని మెట్టకూరు నించి ఫరంపేట దాకా ఊదరగొట్టేశాడు. ఆ రోజు నించీ ఊరి కళ్లన్నీ ఆవిడ నోటి మీదే.

పెసరట్ల సత్యవతమ్మ ఇరవయ్యేళ్లుగా పొద్దున్నే రెండు ఉప్మా పెసరట్లు కట్టి పంపేది. "అమ్మో, నేనివ్వనండి! రేపు మీరు తగ్గకపోతే నా అట్టు మీదికొత్తాది," అంది. రిక్షా అమ్మన్న ఎక్కించుకోనన్నాడు. "నడండి టీచరుగారూ, నేను పక్కనొత్తాను కదా" అని ఖాళీ రిక్షా తొక్కుకుంటూ బడిదాకా తోడొచ్చేవాడు. అగ్రహారంలో పెళ్లి భోజనానికి వెళితే, బూరెల బుట్టవాడు ఆవిడ విస్తరి దాటిపోతూ, "టీచరుగారు పొడిలో ఉన్నారు" అని వెనకాల నేతి గిన్నె వాడికి కూడా చెప్పి మరీ వెళ్లాడు. ఇంట్లో వండుకుందామన్నా వాసన పక్కింటికి వెళుతుంది. వాసన వెళ్లిన పావుగంటకి పక్కింటివాళ్లు వస్తారు.

ఇంతలో గోదారికి ఎర్రనీళ్లతో పాటు పులస చేపలొచ్చాయి. ఏటా మొదటి పులస దిగితే ఆవిడ గుమ్మంలో ఆగి పిలవకుండా గంప కదలదు. ఆ ఏడు గంపలు పిలవకుండా, వీధి అవతలి వారగా వెళ్లిపోయాయి. ఆనందమ్మ అరుగు మీద కూర్చుని ఆ గంపల వంక చూసింది. పులస కాలంలో పులస తినకుండా ఆవిడ బతికిన మొదటి ఏడాది అదే.

అక్టోబరులో మళ్లీ కాటా ఎక్కించారు. డెబ్భై ఒకటి. బస్తాలు తూచేవాడు నమ్మకం చాలక రెండోసారి తూచాడు. ఇస్సాకు మిల్లు గోడకి మొహం ఆనించి, చిన్నప్పుడు ఏడ్చినట్టే ఏడ్చాడు. "ఇంక మన కష్టాలు తీరినట్టేనక్కా," అన్నాడు. ఆనందమ్మ ధీమా అక్కడితో పోయింది. తగ్గితే చెప్తానంది. తగ్గింది.

మీటింగు గోదావరి గట్టు మీద షామియానా వేసి పెట్టారు. మేనేజరు లక్ష్మణరావు సఫారీ సూటు వేసుకుని, వేదిక మీద ఇస్సాకు డబ్బాలన్నీ గోపురంలా పేర్పించాడు. "ఈ ధర ఈ ఒక్కరోజే. మొదటి యాభై మందికి దువ్వెన ఉచితం. ఫారిన్ ఫార్ములా," అని గంటసేపు మాట్లాడాడు. తర్వాత ఆనందమ్మ చేతిలో ఒక కాగితం పెట్టాడు. 'నేను నాజూకు వాడి పదమూడు కిలోలు తగ్గితిని. నా జీవితం మారినది.'

ఆవిడ మైకు దాకా నడిచింది. ముందు వరసలో ఇస్సాకు కొత్త చొక్కాలో ఉన్నాడు. పక్కన రాహేలు, నాలుగు నెలలుగా చాప మీద పడుకుంటున్న రాహేలు, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. అప్పుడు ఆనందమ్మకి ఒక ఆలోచన వచ్చింది. 'నాలుగు నెలలుగా నాజూకు డబ్బాలు మా ఇంటికి వస్తున్నాయి' అంటే నిజమే. 'నేను పదమూడు కిలోలు తగ్గాను' అన్నా నిజమే. రెండు నిజాలూ పక్కపక్కన పెట్టి ఊరుకుంటే చాలు. మధ్యలో అబద్ధం వినేవాళ్లే కల్పించుకుంటారు, తన నోటికి అంటదు. ఇంత తెలివి తనకెక్కడిదా అని ఆవిడకి చెమట పట్టింది. కాగితం మడిచేసింది.

"నేను తగ్గిన మాట నిజం," అంది. "పొడి మాత్రం నేను తాగలేదు. మా గేదె తాగింది."

మైకు ఒక్కసారి కుయ్యిమంది.

"అందులో ఉన్నది ఉలవపిండి. మొదటి రోజే తెలిసింది. తమ్ముడు బాధపడతాడని చెప్పకుండా నాలుగు నెలలు దాచాను, అది నా తప్పు. నన్ను తగ్గించింది పొడి కాదండి, మీరు. అట్లు పెట్టలేదు మీరు. రిక్షా ఎక్కనివ్వలేదు. బూరె దాటించేశారు. పులసలొస్తే..." ఇక్కడ ఆవిడ గొంతు పట్టేసింది. "పులసలొస్తే గంప నా గుమ్మంలో దింపలేదు. నేను ఏడ్చానండి ఆ వేళ. ఒరే ఇస్సాకూ, నన్ను క్షమించరా."

కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇస్సాకు తల మోకాళ్ల మధ్యకి వెళ్లిపోయింది. లక్ష్మణరావు అప్పుడే సంచి సర్దుకుంటున్నాడు. ఇంతలో వెనక వరసలోంచి పాల అమ్మిరాజు లేచాడు. పది గేదెల ఆసామీ.

"మరి గేదె పాలెన్నిత్తందండి టీచరుగారూ?"

అడిగితే నిజం చెప్పక తప్పదు కదా. "ముందు మూడు లీటర్లిచ్చేది. ఇప్పుడైదు."

షామియానా గుంజలు కదిలాయి. జనం వేదిక మీద పడ్డారు. మిల్లు పాపారావు కుర్చీ ఎక్కి, "ఒరే, ఉలవలు నా కొట్లో ఉన్నాయి కదరా, ఇందులో పావు వంతు ధరకే ఇత్తాను!" అని గొంతు చించుకున్నాడు.

"ఉలవలు ఉలవలేనండి. ఇది కంపెనీది," అని అమ్మిరాజు ఆరు డబ్బాలు ఎత్తుకున్నాడు.

లక్ష్మణరావుకి తేరుకోవడానికి ఒక్క నిమిషం పట్టింది. సంచి కింద పడేసి మైకు లాక్కుని, "పాడి రైతు సోదరులారా!" అన్నాడు. గంటలో ఒక్క డబ్బా మిగల్లేదు. దువ్వెనలు కూడా గేదెలకేనా అని ఎవరో అడిగితే, అవునన్నాడు.

జనం పలచబడ్డాక మేనేజరు ఇస్సాకుని వెంటబెట్టుకుని ఆనందమ్మ దగ్గరికి వచ్చి వంగి దండం పెట్టాడు.

"అమ్మా, ఇరవయ్యేళ్ల సర్వీసులో ఇలాంటి ప్రసంగం వినలేదు. వచ్చే నెల అమలాపురం, తర్వాత రామచంద్రపురం, మండపేట. కారు పంపుతాను. ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదు మీరు. ఇవాళ చెప్పింది చెప్పినట్టు చెప్పండి. ఆ పులస దగ్గర గొంతు పట్టేసింది చూశారూ, అక్కడ మాత్రం తప్పకుండా పట్టాలి. ఇస్సాకుగారికి జిల్లా ఏజెన్సీ రాసిచ్చేస్తాను."

ఆనందమ్మ ఒకడుగు వెనక్కి వేసింది. అబద్ధం చెప్పమంటే కాదని తప్పుకోవచ్చు. ఈ పెద్దమనిషి ఆవిడ నిజాన్నీ, ఆవిడ ఏడుపునీ డబ్బాకి అతికించి ఊరూరా అమ్ముతానంటున్నాడు. తమ్ముడి వంక చూడాలంటే భయమేసింది. జిల్లా ఏజెన్సీ అంటే వాడికి పిచ్చి ఆశ ఉంటుంది, ఉండదా మరి?

ఇస్సాకు కాసేపు కొత్త చొక్కా గుండీ తిప్పుకున్నాడు.

"మా అక్క రాదండి," అన్నాడు. "ఆవిడ ఏడిత్తే ఊళ్లో జనం లేచి నిలబడతారండి. నాలుగూళ్లు తిప్పేరనుకోండి, రేప్పొద్దున్న ఆవిడ నిజంగా ఏడ్చినా ఏ పొడికండీ అని అడుగుతారు."

ఆనందమ్మ వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. పెంచినందుకు ఇన్నాళ్లకి ఒక్క మాట చెవికి ఇంపుగా వినబడింది. మళ్లీ గొంతు పట్టేయబోతే, మేనేజరు చూస్తాడని మింగేసింది.

"పొడి తాగింది గేదండి. లావెక్కిందీ అదే, పాలిచ్చిందీ అదే. కావాలంటే దాన్ని తీసుకెళ్లి మైకు ముందు నిలబెట్టుకోండి," అని తమ్ముణ్ణి లాక్కుని నాలుగడుగులు వేసింది.

వెనకనించి లక్ష్మణరావు గొంతు, చాలా మర్యాదగా, వినబడింది.

"అమ్మా, అది లారీ ఎక్కుతుందాండీ?"